కిబెరాలో దిగిన అయిదో రోజుకే అంతా అర్థమైపోయిందా తమ్ముడూ?



ఈ వారం ఎస్సీ హాస్టళ్ల మెస్ ఛార్జీల మీద రాస్తానని మాటిచ్చాను. దాన్ని ఒక వారం వెనక్కి జరుపుతున్నాను, హాస్టల్ తమ్ముళ్లు కోప్పడకండి. నాలుగు రోజులుగా మన గ్రూపులన్నింటిలో ఒక పోస్టు తిరుగుతోంది. దాని గురించి వేడి మీదే మాట్లాడాలి.

రాసింది మన కుర్రాడే. మన వాడలో పుట్టి, గురుకులంలో చదివి, యూనివర్సిటీ దాకా వచ్చినవాడు. ఒక సంస్థ ద్వారా వాలంటీర్‌గా కెన్యా వెళ్లాడు. నైరోబీ నగరంలో కిబెరా అనే పెద్ద బస్తీ ఉంది. అక్కడి ఒక బడిలో మూడు నెలలు పిల్లలకు పాఠాలు చెప్పడం పని. దిగిన అయిదో రోజున 'ఆఫ్రికాలో నా తొలి అనుభూతులు' అని రాశాడు. పేరు చెప్పను. నా తగాదా అతనితో కాదు, ఆ చూపుతో. అతను మంచివాడని నాకు తెలుసు. మంచితనం గురించి కింద మాట్లాడుకుందాం.

చదవనివాళ్ల కోసం సారాంశం: ఎర్ర మట్టి దారి, తుప్పు పట్టిన రేకుల కప్పులు, మురుగు కాలువ, ముక్కు మూసుకోవాల్సిన వాసన. మరుగుదొడ్లు లేక కవర్లో కట్టి విసిరేస్తారట అని ఒక పేరా. పిల్లలు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. 'వీళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!' 'నా కష్టాలు ఎంత చిన్నవో తెలిసింది.' 'ఇక్కడ కులం లేదు, మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.' చివర్లో పదకొండు మంది పిల్లల మధ్య కూర్చున్న ఫోటో. కింద మన మిత్రులు పెట్టిన నీలం గుండెలు వందల్లో.

నేను మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్ను పెట్టుకుని చదివాను. 'నేను', 'నా', 'నాకు' అనే మాటలు ముప్పై ఒక్క చోట్ల ఉన్నాయి. కిబెరా మనిషి పేరు ఒక్కటి లేదు. ఒక్క పెద్ద మనిషి నోటి నుంచి ఒక్క మాట లేదు. ఆ బడి హెడ్‌మాస్టర్ ఎవరు? ఆ పిల్లల తల్లులు పొద్దున్నే ఎక్కడికి పనికి పోతారు? ఫోటో తీసుకోవచ్చా అని ఎవరినైనా అడిగారా? ఏమీ లేదు. పదకొండు మంది పిల్లలు, అందులో ఒక్కరికీ పేరు లేదు.

ఈ రాత మనకు కొత్తది కాదు మిత్రులారా. మనం దీన్ని రాసినవాళ్లం కాదు, ఇందులో రాయబడ్డవాళ్లం. అందుకే నీలం గుండెలు చూసి కడుపు మండింది.

మా మాదిగపల్లెకి చిన్నప్పుడు ఒక సంస్థ వచ్చేది. పేరు అనవసరం, అలాంటివి మన జిల్లాల్లో ఎన్నో ఉండేవి. పిల్లల ఫోటోలు తీసి ఫారిన్ పంపేవాళ్లు, అక్కడ ఎవరో నెలకింత అని డబ్బు కట్టేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లు. ఫోటో తీస్తారని ముందు రోజే కబురొచ్చింది. మా అమ్మ పొద్దున్నే తలకి నూనె రాసి, పక్క పాపిడి తీసి, క్రిస్మస్‌కి కుట్టించిన చొక్కా తొడిగింది. జీపులో వచ్చిన మేడం నన్ను చూసి పక్కనున్న సారుతో ఇంగ్లీషులో ఏదో అంది. సారు మా అమ్మ వైపు తిరిగి, 'ఏమ్మా, రోజూ వేసుకునే చొక్కా లేదా పిల్లోడికి? ఇది తీసేయ్. జుట్టు కూడా కొంచెం చెరుపు' అన్నాడు. అమ్మ కిక్కురుమనకుండా లోపలికి తీసుకెళ్లి మార్చింది. బొత్తాలు లేని చొక్కా. బయటికొచ్చాక నవ్వమన్నారు, నవ్వాను. ఆ మేడం చెడ్డది కాదు. ఆమె వల్ల నా ఏడో తరగతి దాకా పుస్తకాలు వచ్చాయి, నిన్న మొన్నటిదాకా మా అమ్మ ఆమెను మంచిదనే అనేది. కానీ ఆ రోజు మా అమ్మ ప్రపంచానికి చూపించాలనుకున్న కొడుకు వేరు, వాళ్లకి కావలసిన కొడుకు వేరు. గెలిచింది కెమెరా ఉన్నవాళ్లు.

కాబట్టి 'ఏమీ లేదు, అయినా నవ్వుతున్నారు' అనే వాక్యం చదివినప్పుడు నాకు ఆ బొత్తాలు లేని చొక్కా గుర్తొస్తుంది. మన పేటలకు సర్వేకి వచ్చిన సోషల్ వర్క్ స్టూడెంట్లు డైరీల్లో ఇదే రాసుకున్నారు. సేవ చేయడానికి వచ్చిన అగ్రహారం అబ్బాయిలు ఇదే రాసుకున్నారు. పేదవాడు నవ్వితే ఆశ్చర్యం దేనికి? కొత్త మనిషి వస్తే పిల్లలు ఎక్కడైనా పరుగెత్తుకొస్తారు. జూబ్లీహిల్స్ పిల్లలకి ఆయాలు, గేట్లు అడ్డం. అంతే తేడా.

సరే, కిబెరాలో ఏమీ లేదా? ఉన్నదేమిటో చెప్తాను.

కిబెరాకి చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు తమ ఆఫ్రికా సైన్యంలో పనిచేసిన సూడాన్ మూలాల సైనికులను అక్కడ అడవిలో దింపారు. వాళ్లే నూబియన్లు. వాళ్ల భాషలో 'కిబ్రా' అంటే అడవి. ఉండమన్నారు గానీ పట్టా ఇవ్వలేదు. 1963లో స్వాతంత్ర్యం వచ్చింది, పట్టా మాత్రం రాలేదు. గుర్తింపు కార్డు కావాలంటే నువ్వు కెన్యావాడివేనని నిరూపించుకోవాలని వేరే పరీక్షలు పెట్టేవాళ్లు. నాలుగు తరాలు ఆ మట్టిలోనే పుట్టి చచ్చినా ఇదే గతి. ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లి కొట్లాడారు. 2017లో 288 ఎకరాలకు ఉమ్మడి పట్టా తెచ్చుకున్నారు. డి-పట్టా భూమి కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లు అరగదీసిన మన తాతలకి ఈ కథ చెప్తే దుబాసీ అక్కర్లేదు. తమ్ముడి పోస్టులో ఈ ముక్క లేదు. మరుగుదొడ్డి కవర్ల పేరా మాత్రం ఉంది.

పది లక్షల మంది ఉన్న ఆఫ్రికా అతిపెద్ద స్లమ్ అని కూడా రాశాడు. ఈ అంకె ఏళ్ల తరబడి ప్రతి బ్రోషర్‌లో ఉంది. 2009 జనాభా లెక్కల్లో కిబెరాలో తేలింది 1,70,070 మంది. లెక్క తక్కువ చేశారని వాదించేవాళ్లు ఉన్నారు, ఉండనీ. కానీ పది లక్షలు ఎక్కడ, లక్షా డెబ్భై వేలు ఎక్కడ? ఆ తేడా ఎవరికి పనికొచ్చింది? విరాళాలు అడిగేవాళ్లకు పెద్ద అంకె పెద్ద జోలె. కిబెరా ప్రభుత్వ మ్యాపుల మీద ఖాళీ మచ్చలా ఉంటే, 2009లో అక్కడి కుర్రాళ్లే జీపీఎస్ పట్టుకుని సందు సందు తిరిగి మ్యాప్ గీయడం మొదలుపెట్టారు. దాని పేరు మ్యాప్ కిబెరా. పమోజా ఎఫ్ఎం అని వాళ్ల సొంత రేడియో ఉంది. మీరు కూర్చుని ఫోటో దిగిన చోటికి బహుశా నడక దూరంలోనే.

అక్కడ ఎక్కువమంది అద్దెకుండేవాళ్లు. రేకుల గదుల యజమానులు వేరే ఉంటారు, చాలామంది బస్తీలో ఉండరు కూడా. నీళ్లు ఇరవై లీటర్ల డబ్బాలతో కొనుక్కోవాలి. పైపు నీళ్లు వచ్చే మంచి కాలనీల వాళ్లు కట్టే ధర కంటే లీటరుకి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. అంటే పేదవాడే ఎక్కువ కడుతున్నాడు. 'ఏమీ లేదు' అని రాయడం వల్ల ఈ లెక్క మాయమవుతుంది. లేకపోవడం ఒక ప్రకృతి వైపరీత్యంలా, తుఫానులా కనిపిస్తుంది. లేకుండా చేసినవాడు తప్పించుకుంటాడు. మన వాడల్లో 'వెనుకబాటుతనం' అని రాసినప్పుడు జరిగేది ఇదే కదా? వెనక్కి నెట్టినవాడు ఆ మాటలో ఎక్కడున్నాడు?

ఇక 'ఇక్కడ కులం లేదు' అన్న మాట. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది.

తమ్ముడూ, మా ఊరొచ్చిన మేడం కూడా మొదటి వారం కులం చూడలేదు. పచ్చని పొలాలు చూసింది, ముగ్గులు చూసింది, కొబ్బరి నీళ్లు ఇచ్చిన పెద్ద రైతు ఆప్యాయత చూసింది. ఏ బోరింగు దగ్గర ఎవరు బిందె పెట్టాలో, ఏ హోటల్లో ఎవరి గ్లాసు బయట చూరులో ఉంటుందో అయిదు రోజుల్లో ఎవరికి కనబడుతుంది? భాష రానివాడికి అవమానం వినబడదు. 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత అదే కిబెరాలో మనుషులు జాతుల పేరుతో ఒకర్నొకరు నరుక్కున్నారు, బస్తీ మధ్య నుంచి పోయే రైలు పట్టాలు పీకేశారు. ఖండం అవతలి వైపు నైజీరియాలో ఇగ్బోల మధ్య 'ఒసు' అని ఒక వర్గం ఉంది. పుట్టుకతో అంటు, పెళ్లి సంబంధం కలవదు. 1956లోనే చట్టం చేసి రద్దు చేశారు, మనవాళ్లు 17వ అధికరణం రాసుకున్నట్టే. రద్దయిందా? మన దగ్గర అయిందా? ఆఫ్రికా అంటే యాభైకి పైగా దేశాలు. దాన్ని ఒక వాడలా చూసి 'ఇక్కడ కులం లేదు' అనడానికి అయిదు రోజులు చాలవు.

నీకు కులం అంటలేదంటే దానికి కారణం వేరే ఉంది. నువ్వు అక్కడ దళితుడివి కాదు. నువ్వు 'ముహిండి'.

స్వాహిలీలో తెల్లవాణ్ని మ్‌జుంగు అంటారు, ఇండియా మనిషిని ముహిండి అంటారు. ఆ మాట వెనక నూట ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేయడానికి బ్రిటిష్ వాళ్లు ఇండియా నుంచి దాదాపు 32 వేల మంది కూలీలను తీసుకెళ్లారు. రెండున్నర వేల మంది దాకా అక్కడే చచ్చిపోయారు. నైరోబీ ఊరు పుట్టిందే 1899లో ఆ రైలు డిపోగా. కూలీల్లో ఎక్కువమంది తిరిగొచ్చేశారు. తర్వాత వ్యాపారులు వెళ్లారు, దుకాణాలు పెట్టారు. వలస పాలనలో మెట్లు ఇలా ఉండేవి: పైన తెల్లవాడు, మధ్యలో ఇండియన్, కింద ఆఫ్రికన్. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలి, ఏ ఆసుపత్రికి పోవాలి, ఎంత జీతం తీసుకోవాలి, అన్నీ ఆ మెట్ల ప్రకారమే. చాతుర్వర్ణ్యం చదివినవాడికి ఈ నిచ్చెన ఎక్కడో చూసినట్టు ఉంటుంది. వెళ్లిన వ్యాపార కులాలు అక్కడ కూడా కులసంఘం హాళ్లు కట్టుకున్నాయి. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి ఆసియా మూలాల వాళ్లను 44వ తెగగా గుర్తించింది. ఆ తెగలో కింది ఇంటివాడు ఎవరో మాత్రం ఎవరూ అడగలేదు.

అంటే ఏమిటి? మన ఊళ్లో నీకు చచ్చినా దొరకని మెట్టు, నైరోబీలో విమానం దిగగానే దొరుకుతుంది. ఇక్కడ నీ ఇంటిపేరు అడిగేవాడు అక్కడ లేడు. నీ చర్మం చూసి షాపు ఓనరువి అనుకుంటారు, సార్ అంటారు, కుర్చీ వేస్తారు. ఆ హాయి కులం లేని హాయి కాదు నాయనా, పై మెట్టు హాయి. జీవితంలో ఒక్కసారైనా ఆ గాలి పీల్చాలని మనలో ఎవరికి ఉండదు? తప్పు పట్టను. కానీ దాన్ని 'సమానత్వం' అని మాత్రం పోస్టు పెట్టకు.

ఈ మధ్య మెట్టు మీద నిలబడి సేవ చేసిన మొదటి ప్రసిద్ధ వాలంటీర్ ఎవరో గుర్తుందా? 1906లో నటాల్‌లో జూలూలు పన్ను మీద తిరగబడితే, ఇండియన్లతో స్ట్రెచర్ దళం కట్టి బ్రిటిష్ సైన్యం వెనక నడిచిన గాంధీ. గాయపడ్డ జూలూలకు కట్లు కట్టామని ఆయనే రాసుకున్నాడు, కట్టే ఉంటాడు. కానీ ఒంటి మీద యూనిఫాం ఎవరిది? ఇండియన్లను నల్లవాళ్లతో కలిపి లెక్కపెట్టొద్దని తెల్ల ప్రభుత్వానికి ఆ రోజుల్లోనే రాసిన రాతలు ఆయన సంపుటాల్లోనే ఉన్నాయి. ఘనా యూనివర్సిటీలో 2016లో పెట్టిన ఆయన విగ్రహాన్ని అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు పోరాడి 2018 డిసెంబర్‌లో తీయించారు. ఆ వార్త వచ్చిన రోజు మన గ్రూపుల్లో పండగ చేసుకున్నాం కదా. పండగ చేసుకున్నవాళ్లమే ఈ రోజు నీలం గుండెలు పెట్టాం.

ఉద్యమకారులకు ఈ జబ్బు అంటదు అనుకునేవాళ్ల కోసం ఒక ముచ్చట. 2007 జనవరిలో నైరోబీలో ప్రపంచ సామాజిక వేదిక జరిగింది. 'మరో ప్రపంచం సాధ్యమే' అనే మహాసభ. ప్రారంభ ఊరేగింపు కిబెరా నుంచే మొదలైంది, ఎంత బాగుంటుంది ఫోటోకి! తీరా సభలు జరిగింది ఊరి అవతల స్టేడియంలో. లోపలికి రావాలంటే కెన్యా వాళ్లకు 500 షిల్లింగుల ఫీజు, బస్తీవాడికి అది రోజుల తరబడి కూలి. లోపల ఖరీదైన భోజనాల స్టాల్ అప్పటి అంతర్గత భద్రతా మంత్రికి చెందిన హోటల్ది అని తెలిసింది. బస్తీల జనం గేట్లు నెట్టుకుని వచ్చారు, ఫీజు ఎత్తేయించారు. పిల్లలు ఆ స్టాల్ మీద పడి అన్నం తినేశారు. ఆ మహాసభ మొత్తంలో నాకు బాగా నచ్చిన తీర్మానం అదే. నవ్వుతూ చేతులు పట్టుకునే పిల్లలు కాదు వాళ్లు.

2024 జూన్‌లో పన్నుల బిల్లు మీద కెన్యా కుర్రకారు పార్లమెంటులోకి చొచ్చుకెళ్లింది. పోలీసు కాల్పుల్లో, దాడుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. మర్నాడే అధ్యక్షుడు బిల్లు మీద సంతకం పెట్టనని వెనక్కి తగ్గాడు. నువ్వు పాఠం చెప్తున్న పిల్లల అన్నలు, అక్కలు ఆ వీధుల్లో ఉండి ఉంటారు. వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి వెళ్లానని రాసి ఉంటే నేనే మొదటి గుండె పెట్టేవాణ్ని.

'అన్నా, మాటల్లో ఏముంది, పని ముఖ్యం' అని ఒకరు కామెంట్‌లో అడిగారు. పని గురించే మాట్లాడదాం. తమ్ముడికి బీఎడ్ లేదు. కెన్యాలో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి పోస్టింగ్ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న యువకులు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు. డీఎస్సీ కోసం కోచింగ్ సెంటర్లలో యవ్వనం అరగదీసుకున్న మనకి ఇది ఒకరు చెప్పాలా? రేపు మన ఊరి బడికి పోస్టు భర్తీ చేయకుండా, మూడు నెలలకొకసారి ఒక జర్మన్ కుర్రాడిని, తర్వాత ఒక కొరియా అమ్మాయిని పంపిస్తే ధర్నా చేస్తామా, దండ వేస్తామా? పిల్లల సంగతి ఇంకా దారుణం. మూడు నెలలు ప్రేమగా చూసి వెళ్లిపోయే మనుషులను ఏడాదికి నలుగురిని చూసిన పిల్ల అయిదో మనిషి దగ్గరికి ఎలా వెళ్తుంది? పరుగెత్తుకెళ్లి చేయి పట్టుకుంటుంది. తమ్ముడు దాన్నే ప్రేమ అని రాశాడు.

అనాథాశ్రమాల కథ తెలుసు కదా. ప్రపంచంలో చాలా దేశాల్లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. వాలంటీర్లు, విరాళాలు వస్తాయి కాబట్టి పిల్లలు కావాలి, పిల్లలు కావాలి కాబట్టి పేద ఇంటి నుంచి తెస్తారు. ఉగాండాలో జింజా అనే ఊళ్లో వైద్య చదువు లేని ఒక అమెరికన్ యువతి పోషకాహార కేంద్రం పెట్టి బలహీనమైన పిల్లలను చేర్చుకుంది. అక్కడ చేరిన పిల్లల్లో వంద మందికి పైగా చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెళ్లారు, తర్వాత పరిహారంతో రాజీ అయింది. ఆమె కూడా మంచి మనసుతోనే వచ్చిందని ఆమె మనుషులు చెప్పారు. అదే మంచితనం గురించి మాట్లాడదామన్నాను. మంచితనానికి లైసెన్సు అక్కర్లేదని ఎవరు చెప్పారు? తన దేశంలో అయితే సూది పట్టుకోనిచ్చేవాళ్లా?

ఆంధ్రలో వాలంటీర్ అనగానే మన జనానికి 2019లో వచ్చిన గ్రామ వాలంటీరు గుర్తొస్తాడు. ఆ వ్యవస్థ మీద నాకు వంద విమర్శలున్నాయి, ఇదివరకు రాశాను కూడా. కానీ ఒక్క విషయం. యాభై ఇళ్లకు ఒకడు, అదే ఊరివాడు. పింఛను ఆలస్యమైతే ముసలమ్మ కర్ర పట్టుకుని వాడి గుమ్మం ముందుకెళ్లి 'ఏరా, నా డబ్బులేవి?' అని అడగగలిగేది. కిబెరాలో నీ మీద కోపం వచ్చిన తల్లి ఎవరి గుమ్మానికి వెళ్లాలి తమ్ముడూ? నీ సంస్థ ఆఫీసు ఏ ఖండంలో ఉంది? నిన్ను పనిలోంచి తీసేసే అధికారం ఆ బస్తీలో ఎవరికైనా ఉందా? లేదంటే నువ్వు వాలంటీరువి కాదు, అతిథివి. పనివాడి వేషంలో వచ్చిన అతిథి.

ఇలా తిట్టుకుంటూ పోతే మన పిల్లలు గడప దాటేదెప్పుడు అంటారా? మాదిగ పిల్లోడి చేతిలో పాస్‌పోర్టు చూస్తే నాకు కలిగే సంతోషం మీలో చాలామందికి తెలీదు. వెళ్లండి. నల్లజాతితో మన బంధం ఈనాటిది కాదు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1946లో డూబాయిస్‌కి ఉత్తరం రాశాడు. రాసింది తొలి అనుభూతులు కాదు, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు ఇస్తున్న మహజరు ప్రతి పంపించమని. పనిమీద రాసిన ఉత్తరం. 2001లో దర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ సదస్సుకు దళితులు పెద్ద సంఖ్యలో వెళ్లారు, తెలుగువాళ్లూ ఉన్నారు. భారత ప్రభుత్వం కులం మాట రాకూడదని పట్టుబట్టింది. మనవాళ్లు అక్కడ ఎవరినీ ఉద్ధరించలేదు. మా గొడవ కూడా వినండి, మీ గొడవలో మేమూ ఉంటాం అన్నారు.

కెన్యాలోనే ఉంది ఇంకో దారి. మఖన్ సింగ్ అని పంజాబీ. పద్నాలుగేళ్లు నిండకముందే కుటుంబంతో నైరోబీ చేరాడు. 1935లో ఇండియన్, ఆఫ్రికన్ తేడా లేని కార్మిక సంఘం పెట్టాడు. మధ్య మెట్టు మీద హాయిగా అచ్చు యంత్రం నడుపుకోవచ్చు, వదులుకున్నాడు. 1950లో బహిరంగ సభలో తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని అడిగాడు. పదకొండేళ్లు నిర్బంధంలో పెట్టారు. ఆయన్ని ఎవరూ వాలంటీర్ అనలేదు. కెన్యా బస్తీల వాళ్ల సమాఖ్య ముంగానో వా వనవిజిజి 1996 నుంచి ఉంది. ముంబై మురికివాడల సంఘాల వాళ్లూ, వీళ్లూ ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లి పొదుపు, సర్వే, ఖాళీ చేయించడాన్ని ఆపడం నేర్చుకున్నారు. బస్తీ ఆడవాళ్లు బస్తీ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తమ బస్తీలో జవాబు చెప్పాలి.

ఆఫ్రికా ప్రేమ పొంగుకొస్తుంటే అంత దూరం టికెట్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటలో రోజూ బస్సు దిగుతాం. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం అశ్వదళం. ఆ సిద్దీల మనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, వాళ్ల గురించి మన యూనివర్సిటీ స్టడీ సర్కిళ్లలో ఒక్క సాయంత్రం మాట్లాడుకున్నామా? టోలీచౌకిలో ఆఫ్రికా విద్యార్థులకి ఇల్లు అద్దెకివ్వడానికి ఓనర్లు ఏ ప్రశ్నలు అడుగుతారో వినండి. మనల్ని అడిగే ప్రశ్నలకి అక్కచెల్లెళ్లు అవి. 2016 మేలో ఢిల్లీలో ఆటో దగ్గర గొడవలో కాంగో యువకుణ్ని కొట్టి చంపారు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడా మాల్‌లో నైజీరియా విద్యార్థులను మూక వెంటపడి కొట్టింది. ఆ రెండుసార్లూ మన క్యాంపస్‌లలో ఎన్ని ర్యాలీలు తీశామో మీరే లెక్క చెప్పండి.

అసలు సంగతి చెప్పేస్తాను. ఈ పోస్టు చూసి మన స్టడీ సర్కిల్‌లోనే ఇద్దరు పిల్లలు అదే సంస్థకు అప్లై చేశారు, సిఫారసు ఉత్తరం ఇమ్మని నన్ను అడిగారు. ఒక చెల్లి ఎంఏ సోషియాలజీ, ఒక తమ్ముడు ఇంజినీరింగ్. ఇద్దరూ ముత్యాల్లాంటి పిల్లలు. ఫీజు కోసం ఊళ్లో చందాలు కూడా మొదలయ్యాయి. వాలంటీరే ఎదురు డబ్బు కట్టాలి, ఆ సంస్థల వ్యాపారం అలాంటిది. అంబేడ్కర్ యువజన సంఘం వాళ్లు ఒక నెల చందా ఇస్తామన్నారు. ఆ చందాలో ఉపాధి హామీ కూలి డబ్బులున్నాయి. మా పిన్నమ్మ వంద రూపాయలు కూడా ఉంది. అందుకే దీన్ని ఇన్‌బాక్స్‌లో కాకుండా బహిరంగంగా రాస్తున్నాను.

ఆ ఇద్దరినీ నేను అడిగినవి ఇవి. మిమ్మల్ని రమ్మన్నది ఎవరు? సంస్థ కాదు, ఆ బస్తీలో ఎవరు? వాళ్ల పేరు, వాళ్ల సంఘం పేరు చెప్పండి. మీరు చేసే పని అక్కడి మనిషి ఎవరైనా జీతానికి చేయగలరా? చేయగలిగితే ఆ ఫీజు డబ్బు నేరుగా వాళ్ల జీతానికి పంపితే ఎన్ని నెలలు వస్తుందో కాగితం మీద లెక్క వేసి తీసుకురండి. వెళ్లే ముందు స్వాహిలీలో కనీసం బేరమాడేంత నేర్చుకున్నారా? అక్కడివాళ్లు మిమ్మల్ని తిడితే మీకు అర్థం కావాలి కదా. ఇంకా, మొదటి ఆరు నెలలు ఒక్క పోస్టు, ఒక్క ఫోటో పెట్టనని మన సర్కిల్ ముందు చెప్పగలరా? చివరిది విని ఇంజినీరింగ్ తమ్ముడు నవ్వాడు, 'మరి వెళ్లి ఏం లాభం అన్నా?' అన్నాడు. హాస్యానికే అన్నాడు అనుకుంటున్నాను.

చెల్లి మాత్రం రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. ముంగానో వాళ్లకి నేరుగా ఈమెయిల్ రాసిందట, నేను మీకు ఏం నేర్పగలను అని కాదు, మా బస్తీలో నీళ్ల బిల్లుల సర్వే చేయాలి, మీరు ఎలా చేశారో చెప్తారా అని. జవాబు ఇంకా రాలేదు. ఆమె ఉత్తరం టైప్ చేసి పెట్టాను. సంస్థ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచాను.

వచ్చే వారం మెస్ ఛార్జీలు. హాస్టల్ బిల్లుల ఫోటోలు పంపినవాళ్లకి థాంక్స్, ఇంకా పంపండి.